అందరూ మెచ్చుకున్న జబ్బు

తడి దుప్పటి పిండుతుంటే చేతులు గడగడా వణికాయి. గుమ్మంలోంచి చూస్తున్న అత్తగారు మురిసిపోయింది. "ఇప్పుడు చూడముచ్చటగా ఉన్నావే అమ్మాయ్! ఇదివరకు నువ్వు అడ్డమొస్తే గుమ్మం కనిపించేది కాదు." కాపురానికి వచ్చినప్పట్నుంచీ నన్ను గంగాళం అని పిలిచిన మనిషి. గంగాళం కాస్తా గరిటెలా తయారయ్యేసరికి ఆవిడకి ఎంత సంబరమో!

అలాగని నేను తిండి మానలేదు. మానడమా, ఇద్దరి తిండి తింటున్నాను. అందరూ తిని లేచాక గిన్నెలు ఎలాగూ నావే కదా, అడుగుతో సహా ఊడ్చేస్తున్నాను. అయినా బట్టలు వదులైపోతూనే ఉన్నాయి. ఒకటే చెమటలు, గుండె దడ, కంటికి కునుకు లేదు. మా ఆయనేమో స్నేహితుల దగ్గర "నేనే చెప్పీ చెప్పీ తగ్గించాను" అని చెప్పుకుంటున్నాడు. ఎంత కష్టపడ్డాడో పాపం!

నేను పనిచేసే బట్టల కొట్లో ఏళ్ల తరబడి నా చోటు వెనక గోదాములో. మూటలు, మడతలు, దుమ్ము. సన్నబడ్డాక యజమానికి ఉన్నట్టుండి కనిపించాను. "కొన్నాళ్లు ముందు కౌంటర్లో ఉండి చూడమ్మా" అన్నాడు. అబద్ధమెందుకు, నాకూ బాగానే ఉంది. ఫ్యాను కింద, నలుగురిలో, ఒక మనిషిలా నిలబడడం. ఓ రోజు పై అరలో బట్ట తీయడానికి స్టూలెక్కబోతే తొడల్లో సత్తువ లేక కొనేవాళ్ల ముందే కూలబడ్డాను.

డాక్టరమ్మ నా మెడ తడిమి, రక్తపరీక్షలు చేయించి చెప్పింది. "థైరాయిడ్ అతిగా పనిచేస్తోందమ్మా. ఆ హార్మోను ఎక్కువైతే, ఒళ్లు దాచుకున్న కొవ్వుని విడగొట్టి మండించేస్తుంది. కొత్త కొవ్వు తయారవుతుంది గానీ, కరిగే వేగం ముందు అదేపాటి? కొవ్వుతో ఆగదు, కండనీ తినేస్తుంది. ఇలాగే వదిలేస్తే గుండెకే ముప్పు."

మా ఆయన రిపోర్టు మీద వేలు పెట్టాడు. "కొలెస్ట్రాల్ చూడండి డాక్టర్, ఎంత బాగా తగ్గిందో!"

"అదీ ఈ జబ్బు పనే. ఆరోగ్యం కాదు" అందావిడ. మందులు వాడితే పోయిన బరువు తిరిగి రావచ్చని కూడా చెప్పింది. మా ఆయనకి ఆ ముక్కొక్కటే వినిపించినట్టుంది.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర మొదలుపెట్టాడు. "కౌంటర్ పని ఖాయమయ్యేదాకా ఆగి వేసుకో ఆ మాత్రలు. మళ్లీ లావైతే గోదాములోకే తోసేస్తారు."

"అవునమ్మాయ్, ఇన్నాళ్లకి కాస్త మనిషిలా కనిపిస్తున్నావు" అంది అత్తగారు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇన్నాళ్లూ మరి ఈ ఇంట్లో మూడుపూటలా వండి వార్చింది ఎవరు, మనిషి కాదా? ఇక్కడ నా గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంటుంటే వీళ్ల కళ్లు నా నడుము దగ్గరే ఆగిపోయాయి! గరిటె అక్కడ పడేసి, అందరూ చూస్తుండగానే మాత్ర నోట్లో వేసుకుని గ్లాసుడు నీళ్లు తాగాను.

"చెప్తుంటే వినపడదా? మళ్లీ లావైపోతావే!" అని అరిచాడు.

"అవుతాను. రేపు కొట్లో కూడా ఈ మాటే చెప్తాను. ఉంచుకుంటే ఆ లావుతోనే కౌంటర్లో ఉంటాను, వద్దంటే ఇంకో కొట్టు చూసుకుంటాను" అన్నాను. ఖాళీ గ్లాసు ఆయన కంచం పక్కనే పెట్టాను. "మీ కళ్లకి నచ్చడం కోసం నేను చచ్చిపోలేనండీ."