ఒకే కొలత ప్లగ్గులు

"ఇంట్లో కాఫీ కలిపేముందు కూడా ప్రమాదం అంచనా వేస్తావేమో," అన్నాడు వెండెల్. బల్ల చుట్టూ ఉన్న మగవాళ్లు నవ్వారు. లోరెట్టా నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. అమెరికాలోని విచిటాలో విమానాలు తయారుచేసే ఆ కంపెనీలో ఇరవై రెండేళ్లుగా ఆమె పని అదే. ఏది ఎలా చెడగలదో ముందే వెతకడం, చెడితే ఎంత ముప్పో, ఎన్నిసార్లు చెడవచ్చో పట్టికలో రాయడం.

ఆ రోజుకి ముప్పై ఒకటో వరుస ఒక్కటే మిగిలింది. విమానం ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోకలోని మోటారుకి రెండు వైర్ల ప్లగ్గులు, రెండూ ఒకే కొలత. మెకానిక్ ఒకదాని చోట ఇంకొకటి పెడితే, పైలట్ విమానం ముక్కు ఎత్తబోతే అది కిందికి దిగుతుంది. ముప్పు గడిలో ఆమె 'ప్రాణనష్టం' అని రాసింది. నివారణ గడిలో, ఒక ప్లగ్గు కొలత మార్చాలని రాసింది. మారిస్తే ఆరు వారాల ఆలస్యం. పై అధికారి వెండెల్ ఆ మాట కొట్టేసి, 'మెకానిక్ జాగ్రత్తగా బిగిస్తాడు' అని రాసి, సంతకం పెట్టమని కాగితం ఆమె ముందుకి జరిపాడు.

అలాంటి మాట ఇంట్లో ఆమెకి కొత్త కాదు. అత్తగారు బెవర్లీకి రోజుకి పదకొండు మాత్రలు. గుండెదీ నిద్రదీ రెండూ తెల్లవే, గుండ్రటివే. పూటకో పొట్లం కట్టి ఇమ్మని మందుల షాపులో చెప్పిరమ్మని భర్త గ్లెన్‌ని మూడుసార్లు అడిగింది. ఎందుకూ, నువ్వున్నావుగా, అన్నాడు. పొయ్యి ఆర్పారా అంటే నువ్వున్నావుగా. పిల్లకి జ్వరమంటే నువ్వున్నావుగా. మా లోరెట్టా నా మీద ఈగ వాలనివ్వదు అని బెవర్లీ వచ్చిన వాళ్లందరికీ చెప్తుంది. లోరెట్టా అది మెప్పు అనుకుంది చాలా ఏళ్లు. ఇప్పుడు ఏమీ అనుకోదు. పొద్దున్నే లేస్తుంది, వేళ్లు వాటంతట అవే మాత్రలు సర్దుతాయి.

"నీ సంగతే చూడు," అన్నాడు వెండెల్ పెన్ను అందిస్తూ. "నువ్వెప్పుడైనా ఒకదాని బదులు ఒకటి పెడతావా? మన మెకానిక్కులూ అంతే."

లోరెట్టా పెన్ను తీసుకుంది. అతని వాక్యం కొట్టేసి, తన వాక్యం మళ్లీ రాసి, కింద సంతకం చేసింది. ఇంట్లో ఎవరికీ చెప్పని మాట అప్పుడు చెప్పింది.

"పోయిన శనివారం మా అత్తగారికి గుండె మాత్ర బదులు నిద్రమాత్ర వేశాను. భోజనానికి లేపితే లేవలేదు, సాయంత్రానికి గానీ కళ్లు తెరవలేదు. నాకంటే జాగ్రత్తగా ఉండే మెకానిక్ మనకి లేడు, వెండెల్."