బీరువాలో దాచిన బ్యాడ్జీలు

యురేనియం గనిలోకి దిగే ముందు బట్టలు మార్చుకునే గదిలో రోజూ ఒక తంతు జరిగేది. నలభైమంది పనివాళ్ళు ఛాతీమీది బ్యాడ్జీలు ఊడదీసి షిఫ్టు మేస్త్రీ చేతికిచ్చేవారు. ఆయన వాటిని ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో చూపే బ్యాడ్జీలవి. హద్దు దాటితే ఆ మనిషిని గని బయటి పనికి పంపాలి. పంపితే తవ్వకం వెనకబడుతుంది.

"నాకన్నా నా బ్యాడ్జీదే రాజభోగం మేస్త్రీగారూ! రోజంతా నీడపట్టున పడుకుంటుంది" అనేవాడు అందరూ బక్కోడని పిలిచే డ్రిల్లరు. అంతా నవ్వేవారు. మేస్త్రీ కూడా నవ్వేవాడు. ఆ నలభైమందిలో ఆయన అల్లుడూ ఉన్నాడు.

కూతురికి రెండోసారి గర్భం పోయినప్పుడు ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అల్లుడి పని సంగతి విని డాక్టరమ్మ గని నుంచి అతని రికార్డు తెప్పించింది. వారం తర్వాత ఆ కాగితం చూసి, "మీ ఆయనకి రేడియేషన్ తగిలిన దాఖలా లేదమ్మా. ఇక నీకే పరీక్షలు చేయాలి" అంది.

బయట బెంచీమీద కూతురు తల వంచుకు కూర్చుంది.

"లోపం నాలోనే ఉన్నట్టుంది నాన్నా. ఆయన మొహం ఎలా చూడను?"

మేస్త్రీ ఆమె తల నిమరబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తను చేసిన పనికి నింద ఆ పిల్ల మోస్తోంది. ఆయన లేచి మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

"ఆ కాగితం అబద్ధం డాక్టరమ్మా. ఐదేళ్ళుగా అందరి బ్యాడ్జీలూ నేనే తీయించి దాస్తున్నాను. నా మనవల్ని నేనే పొట్టన పెట్టుకున్నానా?"

డాక్టరమ్మ ఆ కాగితాన్ని పక్కకు జరిపింది.

"రేడియేషన్ మనిషి జన్యువుల్ని దెబ్బతీయగలదు. మీ అమ్మాయి విషయంలో అదే జరిగిందని అనలేను, కాదనీ అనలేను. నిజమైన లెక్క ఉంటే కొంతైనా తెలిసేది. అది మీరు లేకుండా చేశారు."

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకు. బయటికొచ్చి ఆయన చెప్పిందంతా కూతురు విని, "ఆయనకి మీరే చెప్పండి" అని మొహం తిప్పుకుంది.

మర్నాడు అల్లుడితో పాటు నలభైమందికీ డాక్టరమ్మ అన్నదంతా చెప్పాడు. అల్లుడు లేచి బయటికి నడిచాడు. బక్కోడు మాత్రం మెల్లగా, "మా ఆవిడకి ఇప్పుడు మూడో నెల మేస్త్రీగారూ" అన్నాడు. ఆ రోజు ఎవరూ గనిలోకి దిగలేదు.

విచారణ జరిగింది. మేస్త్రీ పని పోయింది. పనివాళ్ళందరికీ, వాళ్ళ భార్యలకూ వైద్య పరీక్షలు మొదలయ్యాయి. ఎవరి బలవంతంమీద చేశావని విచారణాధికారి అడిగినప్పుడు ఆయన తప్పించుకోజూడలేదు.

"పని ఆగకూడదని పైవాళ్ళు అన్నారు, నేను సరేనన్నాను. అంతకన్నా బలవంతమేమీ లేదండి. పనివాడి ఒంట్లో అతని ప్రాణమొక్కటే ఉందనుకున్నాను. ఇంకా పుట్టని బిడ్డల ఆరోగ్యం కూడా అందులోనే ఉంది. దాన్ని కాపాడలేనప్పుడు మనిషిని గనిలోకి దింపే హక్కు ఎవరికీ లేదు."