వరుస కట్టిన కణుపులు

మామయ్య మణికట్టు విరిగినప్పటి నుంచి ఇంట్లో మణికట్టు గురించి దిగులుపడినవాళ్లు ఎవరూ లేరు. దిగులంతా పెరట్లో సగం తొలిచిన దోనె, ఆ ఒంటిమాను పడవ గురించే. ఎముక అతుక్కుంటుంది, మాను అతుక్కోదు. దుంగ పచ్చిగా ఉండగానే తొలవడం పూర్తిచేసి, వేడినీళ్లు పోసి అంచులు విప్పాలి. ఎండిందా, విచ్చుకోదు, పగులుతుంది. ఏళ్ల తరబడి వెతికితే దొరికిన దుంగ పొయ్యిపాలవుతుంది.

"నా చెయ్యి బాగయ్యేదాకా ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు మామయ్య.

"మీ చెయ్యి కోసం ఎండ ఆగుతుందా మామయ్యా?" అంది కోడలు, దుంగ మీద తడి గోనెలు సర్దుతూ.

"నీ మొగుడే భయపడి బస్సు స్టీరింగు పట్టుకున్నాడు. నువ్వేం చేస్తావు? అడుగు ఎంత మందం ఉందో లోపల్నుంచి కనబడదు. తడిమితే తెలియాలి. మా నాన్నకి తెలిసేది, నాకు తెలుసు. అంతే."

ఆ నాన్నగారు చేసిన దోనె కట్టెల కొట్టంలో బోర్లా పడి ఉంది. కాపురానికొచ్చిన నాటి నుంచి కోడలు దాని మీదే దుప్పట్లు ఆరేస్తోంది. అడుగంతా నల్లటి చుక్కలు. అడిగితే కణుపులని చెప్పాడు మామయ్య. కణుపులైతే జానెడేసి ఎడంలో బడిపిల్లల్లా వరుస కడతాయా? ఆ మధ్యాహ్నం కత్తిమొనతో ఒకదాన్ని పెకలించింది. వెదురు చీల. పొడుగు రెండు వేళ్లు. దోనె మందమూ రెండు వేళ్లే.

అంటే ఆ నాన్నగారు బయటినుంచి కన్నాలు వేసి, కొలిచిన చీలలు దిగ్గొట్టి, లోపల చెక్కుతూ చీల మొన కనబడగానే ఆగేవాడన్నమాట.

మర్నాడు పొద్దున్నే వెదురు చీలలు కోసి, మొనలు పొయ్యిలో నల్లగా కాల్చి, కన్నాలు వేసే బర్మా పట్టుకుని వచ్చింది.

"అవి నమ్మకం లేనివాళ్ల ఊతకర్రలు" అన్నాడు మామయ్య, చీలల్ని చూసి.

"నాకు నా మీద అసలే నమ్మకం లేదు. అందుకే ఇన్ని కోశాను."

"మునక్కుండా ఉండాలని పడవకి కన్నాలు పెట్టేవాళ్లని ఇప్పుడే చూస్తున్నానమ్మా" అంది అత్తయ్య.

"ఎండుచీల తడికి ఉబ్బి బిగుసుకుంటుంది అత్తయ్యా. మీరు పెద్ద బిందెలు సిద్ధం చెయ్యండి."

మామయ్య కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. చెవులు మాత్రం తిప్పుకోలేదు.

ఆమె దుంగకి బయటినుంచి కన్నాలు వేసి చీలలు దిగ్గొట్టి, చెక్కే బాడిస అందుకుంది. అది మొదట కొత్తకోడలిలా బెట్టు చేసింది. ఆ వ్యవహారం తనకీ తెలిసిందే గనక ఆమె ఓపిక పట్టింది. కాసేపటికి చెక్కపేళ్లు లేవసాగాయి, ఒక్కో నల్లచుక్కా బయటపడింది. చుక్క కనబడితే ఆగడం, పక్కకి జరగడం. భుజాలు పీకుతున్నా జరగడమే. దోనె కొస ముక్కులా వంపు తిరిగే చోటికి వచ్చింది.

"ఆగు" అన్నాడు మామయ్య గోడతో.

"చుక్క ఇంకా రాలేదు."

"చప్పుడు మారింది. ఆగమన్నానా."

ఆగింది. దోనె కిందికి దూరి చూసింది. వంపు తిరిగినచోట కూడా కన్నం నిట్టనిలువుగా వేసింది తను. చీల ఏటవాలుగా పడుకుంది. దాని పొడుగు రెండు వేళ్లే గానీ, అక్కడ మందం అంతకంటే తక్కువ. ఇంకో రెండు దెబ్బలు పడుంటే దోనెకి కిటికీ వచ్చేది.

"కన్నం వంపుకి ఎదురుగా వెయ్యాలి" అంది, తనలో తను అనుకున్నట్టు.

"మా నాన్న అలాగే వేసేవాడు" అన్నాడాయన.

రెండు ముక్కుల దగ్గరా చీలలన్నీ పీకి, వంపుకి ఎదురుగా మళ్లీ వేసింది. చెడిన కన్నాలకు ఎండుచెక్క బిరడాలు బిగించింది. తొలవడం ముగిసేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. గుడ్డలు చుట్టుకుని, కాగిన నీళ్లు బిందెలతో దోనెలోకి పోసింది. అవి చల్లారకుండా కాల్చిన రాళ్లు పటకారుతో వదిలింది. మాను మూలిగింది. అంచులు మెల్లగా విచ్చుకున్నాయి. అంచులు మళ్లీ మూసుకోకుండా వాటి మధ్య ఒక్కో అడ్డకర్రా బిగిస్తుంటే లోపలెక్కడో టప్పున చప్పుడైంది.

"చాలే తల్లీ, పగులుతుంది" అంది అత్తయ్య.

కోడలు మామయ్య వైపు చూసింది. కుర్చీ ఎప్పుడు ఇటు తిరిగిందో ఎవరూ చూడలేదు.

"అది పగులుడు కాదు, ఒళ్లు విరుచుకోవడం" అంటూ ఆయన లేచి వచ్చాడు. "ఇప్పుడు ఆపితేనే పగులుతుంది. నీళ్లు చల్లారనివ్వకు."

"అయితే పొయ్యండి" అని చెంబు ఆయన ఎడమచేతికిచ్చి, ఆమె ఆఖరి అడ్డకర్రని సుత్తితో కొట్టింది. రెండో దెబ్బకి కర్ర బిగిసి కూర్చుంది.