బాగా పనిచేసే కుక్కర్

అమెరికాలోని మిల్వాకీలో కాస్త పనికొచ్చే వస్తువును చెత్తలో పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. ఇంటి ముందు రోడ్డంచున పెడతారు, కావలసినవాళ్లు పట్టుకుపోతారు. నార్బర్ట్ కూడా అదే చేశాడు. పెళ్లాం చేతిని కాల్చిన కరెంటు కుక్కర్‌ను శుభ్రంగా తోమి, "బాగా పనిచేస్తుంది" అని చీటీ అంటించి మరీ పెట్టాడు. ఆ మహానుభావుడి దృష్టిలో తప్పు కుక్కర్‌ది కాదు, ఆవిరి పోకముందే మూత తీసిన బర్నడీన్‌ది.

ఆ సాయంత్రమే టీవీ వార్తల్లో ఆ కుక్కర్ కనిపించింది. లోపల ఆవిరి ఉండగానే మూత ఊడొచ్చేస్తోందట. చాలామందికి ఒళ్లు కాలిందట. కంపెనీ అమ్మినవన్నీ వెనక్కి తీసుకుంటోందట.

"విన్నావా? తొందరపడ్డావు, తొందరపడ్డావు అని నా బుర్ర తినేశావు కదా!" అంది బర్నడీన్.

నార్బర్ట్ టీవీ కట్టేశాడు. "అయితే నీ తప్పేం లేదన్నమాట."

గెలిచిన సంతోషం ఆమెకు నిమిషమైనా నిలవలేదు. కిటికీలోంచి చూస్తే రోడ్డంచున కుక్కర్ లేదు. ఈపాటికి ఎవరింట్లోనో అది ఉడుకుతూ ఉంటుంది, పక్కనే ఎవరి పిల్లో నిలబడి ఉంటుంది. ఆమె కట్టు ఉన్న చేతిని ఎలాగో కోటులోకి దూర్చుకుని బయటపడింది.

మొదటి రెండిళ్లవాళ్లు తెలియదన్నారు. మూడోది తనతో చర్చికి వచ్చే లవర్న్ ఇల్లు. చర్చి విందుకు చిక్కుడుగింజలు ఉడుకుతున్న వాసన వాకిట్లోకే కొడుతోంది. లోపల వంటగట్టు మీద అదే కుక్కర్!

"లవర్న్, ముందు స్విచ్ ఆపు! దాని దగ్గరికెళ్లకు!"

"అరవకు తల్లీ. దాని తీగ ఎప్పుడో కత్తిరించేశా. గింజలు పొయ్యి మీద ఆ గిన్నెలో ఉన్నాయి."

"మరి దీన్నెందుకు తెచ్చావు?"

"చర్చిలో నీ కట్టు చూశాగా, ఎలా కాలిందో నువ్వే చెప్పావు. ఇవాళ చూస్తే అదే కుక్కర్ మీ ఇంటి ముందుంది. ఇంకెవరో తీసుకెళ్లి ఒళ్లు కాల్చుకుంటారని నేనే ఎత్తుకొచ్చేశా."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"ఎలా అనను? మీ ఆయన బాగా పనిచేస్తుందని రాసి పెట్టాడాయె. పెద్దమనిషిని పట్టుకుని అబద్ధమంటామా?"

"అయితే వార్తలు చూడలేదా నువ్వు?"

"ఏం వార్తలు? ఇన్నేళ్లుగా వండుతున్నదానివి, మూత ఎప్పుడు తీయాలో నీకు తెలీదేమిటి?"

టీవీ చెప్పకముందే తనను నమ్మిన మనిషి ఈ వీధిలో ఒకరున్నారు. బర్నడీన్‌కు కడుపు నిండిపోయింది. గింజల రుచి చూస్తానంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.