ఎండలో హీటరు

కారు ముందు తడి గోనెపట్టా కట్టి ఉంది. కట్టింది మా తమ్ముడు జోయల్. ఎండాకాలం నీళ్ళకుండకు తడి గోనె చుడితే నీళ్ళు చల్లబడతాయి కదా, ఇంజను మాత్రం ఎందుకు చల్లబడదని వాడి వాదన. తీరా చిలమత్తూరు దగ్గరి మట్టి ట్రాకు మీద నేను రెండు చుట్లు తిప్పేసరికి వేడి చూపించే సూది ఎర్రగీతను తాకింది.

"పొద్దున గోనె లేనప్పుడే మేలు కదరా," అన్నాను.

"తడి చాల్లేదేమోక్కా. ఇంకో బిందె పోస్తా."

తడిపేకొద్దీ వేడెక్కే వస్తువును పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు. నాకేమీ అర్థం కాలేదు. అర్థం కాకపోతే నాకు కోపం వస్తుంది. మధ్యాహ్నం రేసు ఫైనలు. మొదటి ముగ్గురిలో వస్తే రాష్ట్ర పోటీకి పోతాం. నడుమ వేడికి ఇంజను పట్టేసి ఆగిపోయిందంటే ఇద్దరం పడిన పాట్లన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

పక్క కారు నడిపే శశికుమార్‌కు లేపాక్షిలో గ్యారేజీ ఉంది. వచ్చి గోనెను చూసి నవ్వాడు.

"ఏమప్పా జోయల్, రేడియేటరుకు ముసుగేసినావు? దానికి గాలి తగలాల. తీసెయ్," అని నా వైపు తిరిగాడు. "సారా, నువ్వు రేసంతా హీటరు ఫుల్లుగా పెట్టుకో."

"ఈ ఎండలో హీటరా? నన్ను ఉడకేయాలనుకుంటాండావా అన్నా?"

"ఇంజను వేడి కొంచెం నీ మీదికొస్తాది. దానికంత తగ్గుతాది. నీ ఇష్టం మల్ల."

ఇతనూ మాతో పోటీకి దిగేవాడే. మా మేలు కోరుతున్నాడో, గొయ్యి తవ్వుతున్నాడో తెలియక నేనూ జోయలూ మొహాలు చూసుకున్నాం. మా సీమలో హీటరు మీటను తిప్పినవాళ్ళు ఎవరున్నారు? చివరికి గోనె పీకేసి, రేసు మొదలవుతుండగా మీట తిప్పాను. ముందు ఎర్రమట్టి దుమ్ము మొహాన కొట్టింది, వెనకే వేడిగాలి.

సూది దిగింది. నమ్మలేకపోయాను. అది దిగేకొద్దీ నాకు కళ్ళు తిరిగాయి. నోరు ఎండిపోయింది, చెమట కూడా ఆగిపోయింది. ముందున్నది మలుపో తిన్నని దారో తెలియలేదు. భయమేసి మీట మీదికి చెయ్యి పోయింది. ఆపితే సూది మళ్ళీ లేస్తుంది. ఆపలేదు. ఎన్నోదాన్నో తెలియకుండానే ముగింపు గీత దాటి కారు ఆపాను.

"మూడో ప్లేసక్కా," అంటూ జోయల్ నీళ్ళడబ్బాతో పరిగెత్తుకొచ్చాడు. నా తలుపు దాటిపోయి బానెట్ ఎత్తాడు.

"నీళ్ళు," అన్నాను.

"ఉండక్కా, ముందు ఇంజను చూడనీ."

ఎక్కడలేని కోపం వచ్చింది. "రేయ్, ఇంజను పోతే పాతసామాన్ల గుజిరీలో ఇంకోటి దొరుకుతాది. అక్క యాడ దొరుకుతాదిరా నీకు?"

వాడు తల పక్కకు పెట్టి నా మొహం చూశాడు. బానెట్ వదిలేసి డబ్బాతో నా తలుపు దగ్గరికొచ్చాడు.

"వేడి నీ మీదికొస్తాదని శశికుమారన్న ముందే చెప్పినాడు కదక్కా," అన్నాడు. "నువ్వేమైపోతావోనని నాకెందుకు తట్టలేదు?"

నాకూ తట్టలేదు. డబ్బా లాక్కుని తాగాను.