పలచన చేసిన చాకు

మా తమ్ముడికి ఒక పని అప్పజెప్పి వాడి ఎదురుగా కూర్చోవడమంత శిక్ష ఇంకొకటి లేదు. కత్తులకీ కత్తెరలకీ సాన పట్టే దుకాణం వాడిది. నా మడత చాకు వాడి చేతిలో పెట్టి ఎంతోసేపైంది. వాడింకా దాన్ని తెరుస్తున్నాడు, మూస్తున్నాడు, కిటికీ వెలుతురుకి అడ్డం పట్టి ఒక కన్ను మూసి చూస్తున్నాడు.

"ఏంట్రా, దాని మొహంలో ఏం కనిపిస్తోంది? మొదలుపెట్టు," అన్నాను.

"ఉండవే అక్కా. బ్లేడు దళసరిగా ఉన్నా మంచి ఉక్కు. దీన్నెందుకు పాడు చెయ్యడం?"

"పాడు చెయ్యమనలేదు. పలచన చెయ్యమన్నాను. రెంటికీ తేడా తెలియకుండానే దుకాణం పెట్టావా?"

వాడు నవ్వాడు. వాడికి కోపం రాదు. ఇంట్లో అందరి వాటా కోపం నాకే వచ్చిందని మా మరదలు అంటూ ఉంటుంది. అంటే అననీ. ఆ రోజు నా కోపానికి కారణం ఉంది.

నేను గులాబీ నర్సరీలో అంట్లు కడతాను. మంచి రకం కొమ్మ మీద చిగురు మొలిచే కన్నుని పలచటి బెరడు ముక్కతో సహా చెక్కి తీసి, అడవి గులాబీ కాండంలో గాటు పెట్టి, ఆ గాటులోకి దూర్చి కట్టు కట్టాలి. చెక్కు నున్నగా వస్తే కన్ను అతుక్కుని చిగురేస్తుంది. గరుగ్గా వస్తే ఎండిపోతుంది. ఈసారి నేను కట్టినవి వరసపెట్టి ఎండిపోతున్నాయి. మేస్త్రీ మంచివాడే, కేకలేసే రకం కాదు. "ఏమనుకోకండమ్మా, ఎల్లుండి పొద్దున మీ పక్కన కూర్చుని ఒకసారి చూస్తాను. కోత కుదరకపోతే ఆ బల్ల కొత్తమ్మాయికి ఇద్దాం. మీరు కుండీలకి మట్టి నింపుదురుగాని," అన్నాడు. అంత మర్యాదగా అన్నాడు కాబట్టే నాకు నిద్ర పట్టలేదు. తిట్టుంటే తిరిగి తిట్టేదాన్ని.

కిటికీ పక్కన బల్ల అది. నా చేతులతో నేను అరగదీసిన బల్ల. దాన్నొదిలి మట్టి తట్ట ముందు కూర్చోమంటే కూర్చుంటానా? తప్పంతా చాకుదే అని తేల్చుకుని, తెల్లారగానే సెలవు పెట్టి తమ్ముడి దుకాణానికి వచ్చిపడ్డాను.

వాడు మరదల్ని కేకేసి ఒక యాపిల్ తెప్పించాడు. నా చాకు దానిలోకి దించాడు. సగం దాకా దిగిందో లేదో, కాయ టప్పుమని రెండుగా విరిగింది.

"చూశావా?" అన్నాను, కేసు గెలిచినట్టు.

"నిజమే. ఇది కొయ్యడం లేదు, చీలుస్తోంది. అంచు పదునుగానే ఉంది, దాని వెనకే లావు. లోపలికి వెళ్ళేకొద్దీ మేకులా అడ్డం పడుతోంది."

"నేను పొద్దుట్నుంచి మొత్తుకుంటున్నది అదే కదరా!"

చివరికి వాడు స్క్రూలు విప్పి బ్లేడుని పిడి నుంచి ఊడదీశాడు. బెల్టు మిషను ఆన్ చేశాడు. బ్లేడు వెనకాల బొటనవేలు ఆనించి, తిరిగే బెల్టుకి అలా తాకించి, ఇలా తీసి, పక్కనున్న నీళ్ళ డబ్బాలో ముంచాడు. తుడిచాడు. వెలుతురుకి పట్టి చూశాడు. మళ్ళీ తాకించాడు. మళ్ళీ ముంచాడు.

నేను లేచాను. గోడకి వేలాడుతున్న కత్తెరలు చూశాను. మళ్ళీ కూర్చున్నాను. మళ్ళీ లేచాను. మరదలు టీ తెచ్చి, "వదినా, కాలు కాలిన పిల్లిలా ఎందుకలా తిరుగుతారు? కూర్చోండి," అంది. టీ ఒక్క గుక్కలో తాగేసి మళ్ళీ తిరిగాను.

"ఒరేయ్, దానికి స్నానం చేయిస్తున్నావా, సాన పడుతున్నావా?"

"పలచనైన కొద్దీ తొందరగా వేడెక్కుతుందే అక్కా. వేడెక్కి నీలం రంగు తిరిగిందంటే ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఎంత సాన పెట్టినా ఇక పదును నిలవదు. అందుకే నేను గ్లవ్సు వేసుకోను. వేలు చురుక్కుమనగానే నీళ్ళలో ముంచుతాను."

"వేలు చెప్తుందన్నమాట."

"వేలే చెప్తుంది," అన్నాడు.

నేను కుడిచెయ్యి కొంగులో చుట్టుకున్నాను. ఆ చేతికి కొన్నాళ్ళుగా తిమ్మిరి. పొద్దున లేవగానే వేళ్ళు నావి కానట్టుంటాయి, కాసేపు విదిలిస్తే దారికొస్తాయి. మణికట్టు దగ్గర నరం నలుగుతోందనీ, చిన్న ఆపరేషనుతో పోతుందనీ, ఆ తర్వాత చేతికి కొన్నాళ్ళు పూర్తి విశ్రాంతి కావాలనీ డాక్టరు చెప్పాడు. విశ్రాంతట! నేను లేస్తే ఆ బల్ల ముందు ఇంకొకరు కూర్చుంటారు. కూర్చున్నవాళ్ళని లేపడం ఎవరి తరం? సరేనని తలూపి వచ్చేశాను. ఆ సంగతి ఇంట్లో ఎవరి చెవినా వెయ్యలేదు.

ఒక వైపు అయిపోయి రెండోవైపు మొదలయ్యేసరికి దుకాణం ముందు గదిలోకి టైలరు వచ్చాడు. ఆయన నోరు తెరిస్తే మూయడు. కత్తెర సంగతి చెప్పడానికి వచ్చి మోకాళ్ళ నొప్పుల దగ్గర మొదలుపెడతాడు. తమ్ముడు మిషను ఆపి, బ్లేడు బల్ల మీద పెట్టాడు.

"దాన్ని ముట్టుకోకు," అన్నాడు వెళ్తూ.

ముట్టుకోకు అన్న మాటే నాకు పడదు. అయినా చాలాసేపు ఓర్చుకున్నాను. ముందు గదిలో మోకాళ్ళు అయిపోయాయి, అల్లుడి మీద ఫిర్యాదులు మొదలయ్యాయి. మా వాడు "అవునవును" అంటూ నిమ్మకు నీరెత్తినట్టు నిలబడ్డాడు. ఇక్కడ నా ప్రాణం పోతోంది. పొద్దు వాలితే సాధన చేసుకునేదెప్పుడు? కొత్త చాకు చేతికి అలవాటయ్యేదెప్పుడు?

మా నాన్న ఉన్నప్పుడు ఈ మిషను మీద నేనూ పని చేశాను. తమ్ముడి కంటే ముందు నేర్చుకున్నది నేనే. మిషను ఆన్ చేశాను. వాడు పెట్టినట్టే బ్లేడు వెనకాల బొటనవేలు పెట్టి బెల్టుకి ఆనించాను. చురుక్కుమంటే ముంచుదామని నీళ్ళ డబ్బా దగ్గరికి జరుపుకున్నాను కూడా.

చురుక్కుమనలేదు. ఇంకాస్త ఆనించాను. అప్పుడూ ఏమీ లేదు. వీడిదంతా ఉత్త చాదస్తం, హాయిగా సాగుతుంటే మునకలెందుకు అనుకున్నాను. పిడి వైపు నుంచి మొన దాకా నెమ్మదిగా లాగాను. మొన దగ్గర కాస్త ఎక్కువసేపు ఆపాను. ఏదో కమురు వాసన వేసింది. బెల్టు నుంచేమో అనుకున్నాను.

"వదినా! ఏదో కాలుతోంది," అంటూ మరదలు లోపలికొచ్చింది. వచ్చి ఒక్క కేక పెట్టింది. "అయ్యో, మీ వేలు!"

ముందు బ్లేడు చూశాను. మొన దగ్గర నీలం రంగు మరక. ఆ తర్వాత వేలు చూసుకున్నాను. కండ తెల్లగా ఉబ్బి, చర్మం లేచిపోయి ఉంది. ఆ వేలు ఎవరిదో అన్నట్టు చూస్తూ నిలబడ్డాను.

తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. చాకు వంక కూడా చూడలేదు. నా చెయ్యి పట్టుకుని నీళ్ళ డబ్బాలో ముంచాడు.

"మంట పుడుతోందా?"

నేను బల్ల మీది బ్లేడు వంక చూస్తున్నాను.

"అక్కా, మంటగా ఉందా లేదా?"

"లేదు," అన్నాను.

వాడు గోటితో ఆ వేలి చివర గుచ్చాడు. "ఇది?"

"లేదన్నానుగా! మాటిమాటికీ అడుగుతావేంటి?"

"ఎప్పట్నుంచి?"

తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. కానీ మరదలు ఊరుకోలేదు, గుచ్చి గుచ్చి అడిగింది. తిమ్మిరి సంగతి, డాక్టరు సంగతి, మేస్త్రీ సంగతి అన్నీ కక్కేశాను. చెప్పేటప్పుడు గొంతు పెద్దదైంది. వాళ్ళదేదో తప్పన్నట్టు అరిచాను. ముందు గదిలో టైలరు కూడా మాటలు ఆపేసి వింటున్నాడు.

"వేలు సంగతి తర్వాత. ముందు నా చాకు బాగుచెయ్యి," అన్నాను.

మరదలు నా వేలికి మందు రాసి గుడ్డ చుడుతుంటే, వాడు నీలం తిరిగిన మొన మేరకి కోసేసి, కొత్త మొన తీర్చాడు. మడిచినప్పుడు అది బయటికి పొడుచుకు రాకుండా బ్లేడు వీపుని కూడా కాస్త దించాడు. రెండోవైపు పూర్తిచేసి, అంచు నూరి, పిడిలో బిగించాడు. బ్లేడు పొట్టిదైంది. కానీ ఏం బ్లేడు! మిగిలిన యాపిల్ ముక్క మీద పెడితే చప్పుడు లేకుండా దిగింది. వాడు కోసిన ముక్కలోంచి అవతల కిటికీ కనిపించింది.

సంతోషం పట్టలేక చెయ్యి చాచాను. వాడు చాకు మడిచి గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"ఇవ్వను."

"ఏంటీ?"

"పాతది దళసరి. కొమ్మలో ఎక్కడో ఒకచోట అడ్డుపడి ఆగేది. ఇది ఆగదు, నేరుగా వచ్చేస్తుంది. నువ్వు కోసేది నీ వేలి వైపుకి. ఎక్కడ ఆపాలో నీకెవరు చెప్తారు?"

అది నిజం. కన్ను చెక్కేటప్పుడు కొమ్మ ఎడమచేతిలో ఉంటుంది. చాకుని మన వైపుకి లాగుతాం. కుడి బొటనవేలు కన్ను కింద కాచుకుని ఉంటుంది. ఉక్కు వచ్చి చర్మానికి చల్లగా తగలగానే చెయ్యి దానంతటదే ఆగుతుంది. అంతా ఆ వేలి మీదే ఉంది. అయినా నేను ఒప్పుకుంటానా?

"నాకు కళ్ళు లేవా? చూసుకుని కోస్తాను. సొంత తమ్ముడివై ఉండి నా పొట్ట మీద కొడతావా? ఇవ్వరా చాకు!"

సంచిలో తడిగుడ్డ చుట్టి తెచ్చుకున్న గులాబీ కొమ్మ బయటికి తీశాను. ఇప్పుడే, ఇక్కడే కోసి చూపిస్తానన్నాను. వాడు కాసేపు నా మొహంలోకి చూశాడు. చాకు తెరిచి నా చేతికిచ్చాడు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.

"సరే, కొయ్యి. నీ వేలికి గుడ్డ ఉందిగా, ఆ వేలు పక్కకి తీసెయ్యి," అని, కొమ్మ మీద కన్ను కింద, నా వేలు ఉండాల్సిన చోట, వాడి బొటనవేలు ఆనించాడు.

"ఏమండీ," అంది మరదలు. వాడు వినలేదు.

"పిచ్చి పట్టిందా? తియ్యి," అన్నాను.

"చూసుకుని కోస్తానన్నావుగా. కొయ్యి."

నాకు పంతం వచ్చింది. చాకు కన్ను పైన ఆనించాను. నొక్కనేలేదు, బెరడులోకి దిగిపోయింది. అంత నున్నగా దిగడం నా జన్మలో చూడలేదు. చెయ్యి లాగితే వస్తోంది, ఎంత లాగుతున్నానో చేతికి తెలియడం లేదు. కళ్ళు పెద్దవి చేసి చూశాను. అంచు బెరడు కింద ఉంది, ఎక్కడిదాకా వచ్చిందో కనిపించదు. అవతల వాడి వేలు, నల్లటి గోరు, అరిగిన చర్మం. దుకాణమంతా ఆ వేలి మీద నడుస్తోంది. వాడు కదపలేదు. ఊపిరి కూడా మామూలుగానే తీస్తున్నాడు, వెధవ.

చెమట కంట్లోకి కారింది. ఇన్నాళ్ళుగా ఇదే కోత నా వేలి మీదికి ఏ బెంగా లేకుండా కోశాను. నిన్న కూడా కోశాను. ఇప్పుడు గోరంత దూరం ముందుకి లాగడానికి చెయ్యి రాలేదు.

"కొయ్యవే," అన్నాడు.

"నా వల్ల కాదురా."

ఆ మాట అనేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. బల్ల పోయిందన్న ఏడుపు. ఇక ఏ చాకు తెచ్చుకున్నా పోయినట్టే అన్న ఏడుపు. కత్తి కొమ్మలో అలాగే ఉంది, వాడి వేలు అక్కడే ఉంది.

"చెప్తాను. రేపు మేస్త్రీకి నేనే చెప్తాను. డాక్టరు దగ్గరికీ వెళ్తాను. తియ్యరా ఆ వేలు, నీకు దణ్ణం పెడతాను!"

"ముందు నువ్వు మడువు."

చాకుని ఎడమచేత్తో వెనక్కి తీసి, తొడకి ఆనించి మడిచాను. అప్పుడు గానీ వాడు వేలు తియ్యలేదు.