ఎఱ్ఱయున్ని చుట్టిన కోల

శరత్కాలము ముగియవచ్చెను. ఇంగ్లండు దేశపు లాంకషైరు మండలమునందలి థార్న్‌బెక్ పట్టణముపై నాకాశము మసిపట్టిన చట్టివలె బోర్లించుకొని యుండెను. కొండలసందున దిగివచ్చు చిన్నయేఱు అద్దకపుశాలల రంగునీరు మోసికొని యొకనాడు నీలముగను వేఱొకనాడు రక్తారుణముగను మాఱుచు నల్లరాతి గోడల నొరసికొని పాఱుచుండెను. మింటిని బొడుచుచున్న పొగగొట్టములు శనివారపు మధ్యాహ్నమగుటచే చల్లారి నిలిచెను. వారమెల్ల నేలను వణకించిన మరమగ్గముల ఘోష యడగిపోగా ఆ పురజనుల చెవులకు నిశ్శబ్దమే యొక వింతచప్పుడై తోచుచుండెను.

ఆనాడు నేతపనివారి సంఘమందిరమున మహోత్సవము. పూర్వమొక దారుణశీతకాలమున కూలి తగ్గించిన మిల్లు యజమానుల నెదిరించి పస్తులతో పోరాడిన పెద్దసమ్మెకు ఏబదియేండ్లు నిండినవి. ఆ సమ్మెకు ప్రాణమని ఊరెల్ల కొనియాడు మార్తా యను నామె వాడిన కోలను మందిరపు గోడకు శాశ్వతముగ నలంకరింప సంఘమువారు నిశ్చయించిరి. మార్తా కూతురిబిడ్డయగు ఆగ్నెసు తన వంశచరిత్రమును సభలో వినిపించుటకై ఆ కోలను భుజముపై నిడికొని మందిరము ప్రవేశించెను.

మార్తా మేలుకొలుపుకత్తె. గడియారము కొనలేని పేదయిండ్ల మేడకిటికీలను వేకువజామున పొడుగాటి వెదురుకోల కొనను గట్టిన తీగలతో టకటక దట్టి పనివారిని మిల్లుకు లేపుట యామె జీవిక. సమ్మె మొదలైననాడు ఆమె నడివీథిని నిలిచి తన యెఱ్ఱయున్ని లోపావడను జించి తీగలకు జుట్టి మన వారందఱును మరల పనికి బోవుదాక ఇవి యే గాజును దాకవని ప్రతిన పూనెనట. సమ్మె ముగిసినపిమ్మట ఆమె వేఱొక కోల పట్టెను గాని ఆ గుడ్డ నాటినుండియు ఈ కోలకొననే యుండెను. తల్లులు బిడ్డలకు ఆ గుడ్డకథ చెప్పి జోకొట్టెడివారు.

ఈ సభకొఱకు ఆగ్నెసు వేసవినుండియు తనవారి జాడలు వెదకుచు వచ్చెను. తండ్రితండ్రి కొండపల్లెలో చేతిమగ్గము నేయువాడు. ఆవిరిమగ్గములు వచ్చి నోటికూడు గొట్టగా తన మగ్గమునే పొయ్యిలో బెట్టి యొక శీతకాలము చలి కాచుకొనెను. తండ్రి దూదిపొడి పీల్చి పీల్చి దగ్గుచు నడివయసుననే గతించెను. ఇట్టి దుఃఖములు ఆ వాడలో ఏ గడప నడిగినను గలవు. ఆగ్నెసు తలయెత్తుకొని నడచుటకు మార్తా యొక్కతెయే యాధారము. అయినను ఆ శీతకాలపు ముచ్చట లడిగినపుడెల్ల తల్లి హన్నా టీకెటిలు పొంగుచున్నదని లేచిపోవుచుండెను.

ఆ తలయెత్తుటకు ఆగ్నెసు ఇచ్చిన వెల యితరు లెఱుగరు. సమ్మెను భంగపఱచి మిల్లుకు బోయినవారిలో ఎజ్రా హోల్‌రాయిడ్ యొకడు. తక్కినవారు ఊరు విడిచిపోగా అతడు మాత్రము భార్య సమాధి విడువజాలక నిలిచెను. నాటినుండి యే మేలుకొలుపుకత్తెయు ఆ యింటి కిటికీ దట్టలేదు. ద్రోహి వంశమని మిల్లువారి పొత్తు దక్కక అతని మనుమడు విల్‌ఫ్రెడ్ బొగ్గుబండి తోలుకొని బ్రదుకుచుండెను. యౌవనమున ఆగ్నెసును విల్‌ఫ్రెడును ఒకరినొకరు వలచిరి. నాడు హన్నా గుమ్మమున కడ్డముగ నిలిచి, మార్తా మనుమరాలు ద్రోహి కొంపకు కోడలు గావలెనన్న నా శవమును దాటిపొమ్మనెను. ఆగ్నెసు దాటలేకపోయెను. నాటినుండి వీథిలో బొగ్గుబండి గంట వినబడినంతనే ఆమె కిటికీతెర దించుచుండెను. అతడును మఱియొకతెను బెండ్లాడలేదు.

సభాధ్యక్షుడు గుడ్డను జూపి మార్తా ప్రతిజ్ఞను వేనోళ్ల బొగడెను. అంతట ఇత్తడిబాకాల మేళము చెవులు చిల్లులు పడునట్లు మ్రోగసాగెను. వేదికపై గూర్చున్న ఆగ్నెసు చూపు మొదటివరుసలోనున్న తల్లిపై బడెను. హన్నా ప్రక్కబల్లపైనున్న టాబితవైపు మొగము ద్రిప్పియుండెను. టాబిత సమ్మెనాట మార్తా యింట నద్దెకుండిన ముసలి నేతకత్తె. ఇరువురి పెదవులును గదలుచుండెను గాని గొంతులు పలుకుటలేదు. మరమగ్గముల హోరులో మాట వినబడదు గనుక ఆ దేశపు నేతకత్తెలు పెదవులను సాగదీసి నిశ్శబ్దముగ మాటాడుదురు. శాల యీ కొననుండి యా కొనకు కంటితోనే వినుకొందురు. చప్పుడున్న చోట నెల్ల ఆ యలవాటు వారిని విడువదు.

"ఆ గుడ్డను జూచిన నవ్వాగుటలేదే హన్నా. మీయమ్మ ప్రతిజ్ఞ యెంత మెత్తనిదో హోల్‌రాయిడ్ కిటికీగాజు నడిగిన జెప్పును," అని టాబిత పెదవులు పలికెను.

"నోరు మూసికొనవే ముసలిదానా."

"మూసికొనియే గదే మాటాడుచున్నాను."

హన్నా పెదవులు మరల గదలెను. "మిల్లు మేనేజరు రొట్టె పంపకున్న ఆ చలిలో నేను బ్రదికియుందునా? అందులకు బదులుగ అమ్మ ఊరు నిద్రించుచుండ గుడ్డ చుట్టిన కోలతో పోయి సమ్మె విడిచినవాండ్రను మిల్లుకు లేపినది. ఒక్క పొరుగువానికిని వినబడలేదు."

"మఱి ఎజ్రా మనుమని కుక్కను దఱిమినట్లు దఱిమితివేల?"

"అందులకే. పిల్ల ఆ యింట గాలిడిన ముసలివాడు చెప్పకుండునా?"

"చెప్పలేదు గదే. చచ్చుదాక జెప్పలేదు."

ఆగ్నెసు చూచెను. పదునాలుగేండ్ల ప్రాయమున తన్ను మగ్గమునొద్ద నిలిపి, పెదవుల నెట్లు చదువవలయునో ఓపికతో నేర్పినది ఆ తల్లియే. నేర్పిన సంగతిని తల్లి మఱచెను, నేర్చిన కూతురు మఱవలేదు. ప్రతిజ్ఞకు గుర్తని తాను చిన్ననాట ముద్దిడిన యెఱ్ఱగుడ్డ చప్పుడు చంపుటకు జుట్టిన గుడ్డ యని తెలిసినక్షణమున ఆమెకు కోపము రాలేదు, కన్నీరును రాలేదు. చలికాలమున తాత మగ్గమును మ్రింగినట్లు తన యౌవనమును మ్రింగిన పొయ్యి యెవరిదో మాత్రము తెలియవచ్చెను.

మేళ మాగెను. అధ్యక్షుడు ఆమెను బిలిచెను. ఆగ్నెసు వేదిక యంచున నిలిచి గొంతు కదల్పక పెదవులతోనే తల్లి నడిగెను.

"అమ్మా, విల్‌ఫ్రెడును నాకు దూరము చేసినది ఈ గుడ్డకొఱకేనా?"

ముందువరుసలోని నగరపెద్దలు ఆమె నోట మాట రాకుండుట భావోద్రేకమని తలచి చప్పట్లు గొట్టిరి. వెనుకనున్న నేతవారందఱును చదివిరి. హన్నా శాలువకొంగెత్తి తన పెదవులను గప్పుకొనెను. నేతకత్తెలలో అట్లు చేయుటకంటె స్పష్టమగు నొప్పుకోలు లేదు. కప్పిన యా ముసుగువైపు సభ యంతయు మొగములు ద్రిప్పెను.

ఆగ్నెసు కోలను భుజమున నిడికొని దిగెను. గోడకు దగిలింపవలసిన వస్తువును గొనిపోవుచున్నావేమని అధ్యక్షుడు తడబడుచు నడుగగా ఆమె యొక్కమాటే పలికెను: "దీనికింకను పని యొకటి మిగిలియున్నదయ్యా."

ఆమె వెంట కొందఱు నడచిరి. హోల్‌రాయిడ్ వారి యిఱుకువీథిలో ఆ మేడకిటికీ క్రింద నిలిచి ఆమె గుడ్డ ముడిని విప్పబోయెను. ఏబదియేండ్ల ముడి వ్రేళ్లకు లొంగలేదు. పంటితో గొఱికి త్రెంచెను. పిమ్మట పట్టపగలు, వీథివీథంతయు వినబడునట్లు, తీగలతో గాజును దట్టెను.

కిటికీ తెఱచుకొనెను. బొగ్గుమసి యింకను వదలని మొగముతో విల్‌ఫ్రెడ్ తొంగిచూచెను. క్రిందనున్న మనుష్యులను, చుట్టువిడిన తీగలను జూచెను.

"మమ్ము లేపుటకు వచ్చితివా ఆగ్నెసూ? మేమెన్నడో మేల్కొనియున్నాము."

"నీ వెఱుగుదువా?"

"ఎఱుగుదును. తన బిడ్డ యాకలి తీర్చుటకై మావారిని లేపినదాని పేరు చెప్పవలదని తాత నాచే మాట తీసికొనెను."

"నాకును జెప్పరాదా?"

"నీవొక్కసారి తట్టియుండిన మాట తప్పియైనను జెప్పెడివాడను. బండి వచ్చినపుడెల్ల నీవు తెర దించితివి."

తల్లి తన్ను గాచుకొనుట కసత్యమాడెను. ప్రియుడు మాట గాచుకొనుటకు సత్యము దాచెను. ఇరువురి కాపుదలకును మూల్యముగ బోయినది తానొక్కతెయే. ఆమె చేతినుండి యెఱ్ఱగుడ్డ జాఱి కాలువలో బడి యేటివైపు కొట్టుకొనిపోయెను. ఆనాటి యేటినీరును ఎఱ్ఱగనే యుండుటచే అది యెచట గలిసిపోయెనో యెవరికిని గానరాలేదు.

ద్రోహము తలుపు బాదుకొని రాదు. మెత్తని వస్త్రము జుట్టుకొని యిరుగుపొరుగుల నిద్ర చెడకుండ వచ్చును. పిమ్మట ఆ వస్త్రమునకే లోకము మ్రొక్కును. ఆగ్నెసు కోలను నేలకు దింపి తలయెత్తి చూచెను. పైని గాజుపై మ్రోత యింకను వణకుచుండెను. విల్‌ఫ్రెడ్ క్రిందికి దిగిరాలేదు. కాని కిటికీ మూయలేదు.